మరుపు పట్టీ

స్వరూప పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది. నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉన్నచోటే ఉంది. చేతిలోని కాగితంలో 'మీ పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కండి' అని మాత్రమే ఉంది. కొడుతూనే ఉంది కదా, మరి ఒక్క అక్షరమైనా పడదేం? కీబోర్డు తీగ ఊడిందేమోనని బల్ల కిందికి వంగి చూసింది. ఊడలేదు. మీటలు గట్టిగా నొక్కింది. ముట్టుకోకూడనిదేదో ముట్టుకుని కంప్యూటర్‌ను చెడగొట్టానేమోనని భయపడింది.

అద్దం అవతల కూర్చున్న ప్రయోగశాల సహాయకుడు ఫిరోజ్ 'ముప్పై ఒకటో పేజీ, నాలుగో వరుస' అని రాసుకుని గడియారం చూశాడు. ఎంత అవస్థ పడుతున్నా సాయం చేయకూడదన్నది ప్రయోగం నియమం. ఇరవై రెండు నిమిషాలయ్యాక స్వరూప కొంగుతో కళ్లు తుడుచుకుని, అద్దం వైపు చూడకుండానే అన్నది.

"నాతోని కాదు సార్. ఇది నా చేతుల ఖరాబైంది."

సాయంత్రం నాలుగింటికి డాక్టర్ పరంజ్యోతి లోపలికి వచ్చి ఆమె తల చుట్టూ ఉన్న పట్టీని విప్పింది. అరగంట గడిచేసరికి, పొగమంచు విడిచాక రోడ్డు కనిపించినట్టు, పోయిన చదువంతా తిరిగి వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్షరాలు కనిపించవు. పక్కవాళ్లు చూడకుండా యూనిక్స్ కోవకు చెందిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు నల్లతెర మీద అలాగే చేస్తాయి. ఆ సంగతి స్వరూపకు పన్నెండేళ్లుగా తెలుసు. పొద్దున చేతిలో పట్టుకుని ఏడ్చిన ఆ కాగితం రాసింది కూడా తనే.

ఆ సాయంత్రమే ముప్పై ఒకటో పేజీలో మూడు వాక్యాలు చేర్చింది. 'మీరు కొట్టే అక్షరాలు కనిపించవు. కీబోర్డు చెడిపోలేదు. ధైర్యంగా చివరిదాకా కొట్టండి.'

*

స్వరూపది హనుమకొండ. చాలాకాలం దర్జీ దుకాణంలోనూ ఇంట్లోనూ బట్టలు కుట్టింది. ముప్పై నాలుగో ఏట కంప్యూటర్ నేర్చుకుంది. ఆ తర్వాత పెళ్లిపత్రికలు అచ్చువేసే చోట పనిచేసింది, మహిళా సంఘాల వాళ్లకు కంప్యూటర్ పాఠాలు చెప్పింది. భర్త కొమురయ్య లారీ డ్రైవర్, నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. ఒక్కతే కూతురు రవళి, కరీంనగర్‌లో ఫిజియోథెరపిస్టు.

ఆఫీసులు పక్కన పడేసిన పాత కంప్యూటర్లను ఊరి గ్రంథాలయాలకు పంచే ట్రస్టు ఒకటి 'పాలపిట్ట' అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేయించింది. అది ఉచితం, తెలుగులో మాట్లాడుతుంది, పదిహేనేళ్ల నాటి యంత్రంలోనైనా నడుస్తుంది. ఎవరైనా సొంతంగా ఎక్కించుకోవచ్చు అని ట్రస్టు వాళ్లు చెప్పుకున్నారు. కాని వందమంది మొదలుపెడితే డెబ్బైమంది మధ్యలోనే ఆగిపోతున్నారు. కొత్తవాళ్ల కోసం పుస్తకం రాసే పని స్వరూపకు అప్పగించారు. ఆమె రాసింది. అయినా చదివినవాళ్లు ఫోను చేసి, మాతోని కాదు మేడం అని చెప్పి పెట్టేసేవారు. ఎక్కడ ఆగిపోయారని అడిగితే వాళ్లకే చెప్పడం వచ్చేది కాదు.

డాక్టర్ పరంజ్యోతి అప్పటికి పదేళ్లుగా మెదడు మీద పనిచేస్తోంది. కర్నూలు నుంచి వచ్చిన మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. ప్రమాదాల్లో బెదిరిపోయిన వాళ్ల భయాన్ని తగ్గించడానికి ఆమె ఒక పట్టీ తయారు చేసింది. భయం తగ్గలేదు కాని ఇంకొకటి బయటపడింది. నేర్చుకున్న విద్య ఒకదాన్ని, మిగతావాటి జోలికి పోకుండా, ఆరు గంటలపాటు చల్లార్చవచ్చు. ట్రస్టు వాళ్ల బాధ ఎవరి ద్వారానో విని ఆమే వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది.

మొదటి సమావేశంలో ఆమె చెప్పింది చాలా తక్కువ. తెలిసినవాళ్లకు తెలియని రోజు గుర్తుండదు, అందుకే పుస్తకంలో మెట్లు జారిపోతాయి అన్నది. అసలైన కొత్తవాళ్లను కూర్చోబెట్టి చూద్దామంటే, ఒక మనిషి ఒక్కరోజే కొత్త. మర్నాటికి అంతో ఇంతో తెలిసిపోతుంది. పైగా ఎక్కడ తడబడ్డామో మాటల్లో పెట్టడం వాళ్లకు రాదు. రాయడం వచ్చిన మనిషే రోజుకోసారి కొత్తగా మారగలిగితే?

పది రోజులపాటు స్వరూప పట్టీ కట్టుకుని పాలపిట్టలో తనకు వచ్చిన పనులన్నీ చేసింది. ఏ పనికి మెదడులో ఏ దీపం వెలుగుతోందో పట్టీ గుర్తుపెట్టుకుంది. పదకొండో రోజు ఆ దీపాలను తగ్గించింది. తన పేరు, ఇల్లు, చేతి కుట్టు, కూరలో ఉప్పు, అన్నీ ఉన్నాయి. కంప్యూటర్ ఒక్కటే, బస్సులో పక్కసీటు మనిషిలా, ఎవరో తెలియని దానిలా ఎదురుగా కూర్చుంది.

అలా పద్నాలుగు నెలల్లో ఇరవై ఆరుసార్లు ఆమె కొత్తమనిషి అయ్యింది. డిస్కును భాగాలు చేయమన్నప్పుడు స్క్రూడ్రైవర్ కోసం వెతికింది. అన్ని అధికారాలూ ఉన్న ఖాతాను రూట్ అంటే, బస్సు వెళ్లే దారి అనుకుంది. పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టమంటే దాన్ని గుచ్చి అరగంట ఎదురుచూసింది. పడ్డచోటల్లా సాయంత్రం ఒక వాక్యం చేర్చింది. పుస్తకం నూట పది పేజీల నుంచి రెండువందల ముప్పై అయ్యింది. ఆగిపోయేవాళ్లు వందకు డెబ్బై నుంచి పదకొండుకు దిగారు.

ఒకరోజు రేగొండ గ్రంథాలయం నుంచి సమ్మవ్వ అనే ఆవిడ ఫోను చేసింది. అక్కడ ఊడ్చే పని చేస్తుంది, అరవై దాటాయి. లైబ్రేరియన్ లేని వారంలో పుస్తకం ముందు పెట్టుకుని మూడు కంప్యూటర్లలో పాలపిట్ట ఎక్కించిందట.

"అక్షరాలు కనవడకున్నా కొట్టిన మేడం. కీబోర్డు చెడిపోలే అని రాసిండ్రు గద, గా మాట పట్టుకొని కొట్టిన."

స్వరూప ఆ మాటను ఫిరోజ్‌కు చెప్పింది, డాక్టర్‌కు చెప్పింది, లారీలో ఎక్కడో నాగపూర్ దగ్గరున్న కొమురయ్యకు చెప్పింది. తన జీవితంలో ఇంత పనికొచ్చిన పని ఇంకోటి చేయలేదనిపించింది.

*

ఆ నెల మూడో ఆదివారం రవళి వచ్చింది. పొద్దున పది గంటలకు బస్సు దిగింది. స్వరూప సర్వపిండి చేసింది. కూతురు పొయ్యి పక్కన గట్టు మీద కూర్చుని, కాలుతుండగానే తుంచుకు తింటూ ఆసుపత్రి కబుర్లు చెబుతోంది. తొడ ఎముక విరిగిన అమ్మాయి ఒకతె వచ్చిందట. పన్నెండేళ్లు ఉంటాయేమో. మంచం మీద పడుకుని పడుకుని ఎవరితోనూ మాట్లాడటం మానేసిందట.

"నేను మన ముచ్చట చెప్పినమ్మా ఆమెకు," అన్నది రవళి. "నువ్వు కుట్టుమిషన్ బల్ల ఊడదీసి నా మంచం మీద అడ్డం పెట్టినవ్ గద, కీబోర్డు కోసమని. గది చెప్తే నవ్వింది."

"ఏ బల్ల?" అన్నది స్వరూప, పెనం మీది రొట్టె తిప్పుతూ.

రవళి మొదట ఆటపట్టిస్తోందనుకుంది. తర్వాత, మరిచిపోయి ఉంటుందిలే అనుకుని గుర్తుచేసింది. పన్నెండేళ్ల కింద స్కూలు ఆటో బోల్తాపడి రవళి కుడి తొడ విరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అయిదు నెలలు మంచం మీదే. స్కూల్లో మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను సారు ఒకరు తెచ్చి ఇంట్లో పెట్టించారు. బడిలో నేర్చుకున్నది రవళి వెల్లకిలా పడుకుని చెప్పేది, తల్లి కొట్టేది.

స్వరూపకు ఆటో గుర్తుంది. ఆసుపత్రి వరండా, కాలికి కట్టి వేలాడదీసిన ఇసుకసంచి, బిడ్డ వీపు పుండు పడకుండా పూటపూటా పౌడరు రాయడం, మొదటిసారి కర్ర పట్టుకుని గడప దాటిన రోజు, అన్నీ ఉన్నాయి. కంప్యూటర్ లేదు. ఆ అయిదు నెలల్లోంచి దాన్ని ఎవరో పోగు లాగినట్టు లాగేశారు. దానితోపాటు సాయంత్రాలు కూడా పోయాయి. మధ్యాహ్నం దాకా గుర్తున్న రోజులు, ఆ తర్వాత ఏమయ్యాయో తెలియని రోజులు.

"అయితే నీకు కంప్యూటర్ ఎవరు నేర్పిండ్రమ్మా?" అని రవళి అడిగింది. గొంతులో నవ్వు లేదు.

స్వరూప ఆలోచించింది. జవాబు తేలిగ్గానే వచ్చింది.

"పుస్తకం చూసి నేర్చుకున్న."

"ఏ పుస్తకం?"

"పాలపిట్ట పుస్తకమే."

రవళి చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టేసింది. "ఆ పుస్తకం నువ్వు రాసిందే గదమ్మా," అన్నది.

పెనం మీద రొట్టె మాడిపోయింది.

ఆ రోజంతా రవళి ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. తల్లి లేదంటూ పోయింది. చివరికి రవళి అడగడం మానేసింది. తనను అడగకుండా ఎందుకు ఒప్పుకున్నావని ఒక్కసారే అన్నది. అది తన తల మాత్రమే కదా, తన చదువు మాత్రమే కదా అని స్వరూప సంతకం పెట్టింది. ఆ మాట చెప్పబోయి, కూతురి మొహం చూసి చెప్పలేకపోయింది. సాయంత్రం అయిదింటి బస్సుకు రవళి వెళ్లిపోయింది. చేరానని ఫోను చేయలేదు.

*

సోమవారం స్వరూప చెప్పింది విని డాక్టర్ పరంజ్యోతి కుర్చీలో వెనక్కి వాలలేదు, ఓదార్చే మాటలూ అనలేదు. లేచి వెళ్లి ఇరవై ఆరు రోజుల రికార్డులూ ముందేసుకుంది. బుధవారం మధ్యాహ్నం ఫిరోజ్‌ను బయట కూర్చోమని, స్వరూపను లోపలికి పిలిచింది.

మొదట వినిపించింది, పట్టీ దేన్నీ మరిపించక ముందటి పది రోజుల్లో ఒకనాటి రికార్డు. ఫ్యాను చప్పుడు, మీటల చప్పుడు, వాటి మధ్య స్వరూప గొంతు. ఆమె గొణుగుతోంది.

"చిన్న ఎస్, యు, డి, ఓ, ఖాళీ..."

ఎవరో పక్కనుండి చెబుతుంటే తిరిగి పలుకుతూ కొట్టినట్టుంది. ప్రతి ఆజ్ఞనూ అక్షరం అక్షరంగా, పూర్తిగా కొట్టింది. రెండు పదాల మధ్య జాగా వచ్చిన ప్రతిసారీ ఖాళీ అన్నది.

తర్వాత డాక్టర్, ఇరవయ్యోసారి మరిపించిన నాటి సాయంత్రం రికార్డు పెట్టింది. చదువు తిరిగి వచ్చిందని రాసుకున్న గంటది. మీటల చప్పుడు మాత్రమే ఉంది. గొణుగుడు లేదు. రెండు అక్షరాలు కొట్టి టాబ్ నొక్కితే మిగతాది కంప్యూటరే పూర్తిచేసుకుంటుంది. ఆ ఒడుపు పుస్తకం నలభయ్యో పేజీలో ఉంది.

"పదిహేనో సారి దాకా మీ చదువు మీకు తిరిగొచ్చింది," అన్నది డాక్టర్. "ఆ తర్వాత రాలేదండీ. వచ్చిందనుకున్నాం. తిరిగి రావడానికి సాయంగా ఉంటుందని పుస్తకం చదవమన్నాను కదా మిమ్మల్ని, సాయంత్రం పూట. మీరు ప్రతిసారీ దాన్ని చదివి మొదటి నుంచి నేర్చుకున్నారు. పుస్తకం అంత బాగుంది. రెండు గంటల్లో నేర్పేసింది. మేము దాన్ని పాతదే అనుకున్నాం."

స్వరూప చేతులు ఒళ్లో పెట్టుకుని వింది. మొదటి రికార్డు ఇంకోసారి పెట్టమని అడిగింది. తన గొంతే, కాని ఎవరిదో అన్నట్టు వింది. ఖాళీ అనే మాట తాను ఎక్కడ నేర్చుకుందని అడిగింది. డాక్టర్‌కు తెలియదు. ఒక విద్య తలలో ఒంటరిగా కూర్చోదని, ఎవరు నేర్పారో, ఎక్కడ నేర్చుకున్నారో, అప్పుడు కిటికీలోంచి ఏ వాసన వచ్చిందో, అవన్నీ దాని వేళ్లకు చుట్టుకుని ఉంటాయని, ఆ సంగతి తాను ముందే ఊహించి ఉండాల్సిందని మాత్రం చెప్పింది.

"తిరిగి వస్తదా మేడం?"

"రాదు."

డాక్టర్ రికార్డు ఆపేసింది.

పుస్తకంలో ఒక్క అధ్యాయం మిగిలి ఉంది. కంప్యూటర్ ఒకరోజు మొదలుకాకుండా మొరాయిస్తే కొత్తవాళ్లు ఏం చేయాలన్నది. అన్నిటికంటే కష్టమైనది అదే. మూడువందల గ్రంథాలయాలు దానికోసం ఎదురుచూస్తున్నాయి. స్వరూప, పోయేదెట్లాగూ పోయింది కదా, ఇంకో నాలుగుసార్లు కట్టండి, అదొక్కటి పూర్తి చేస్తాను అన్నది. కోపంతో అనలేదు. చేతిలో పని సగంలో వదిలేయడం ఆమెకు అలవాటు లేదు. జాకెట్టు కుట్టినప్పుడూ అంతే.

డాక్టర్ తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు స్వరూప తలలో ఉన్నది కొత్తగా నేర్చుకున్న చదువు. అది ఈ సంవత్సరంతో అల్లుకుని ఉంది. ఇంకోసారి చల్లారిస్తే ఈసారి పోయేది ఈ సంవత్సరంలోనిదే.

"మొన్నటి ఆదివారం గూడా పోతదా? నా బిడ్డ చెప్పింది?"

"పోవచ్చు. ఏది పోతుందో ముందుగా చెప్పలేకపోయాను. నేను చేసిన తప్పు అదే."

ఆ సాయంత్రం డాక్టర్ పరంజ్యోతి పట్టీని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఏం జరిగిందో దాచకుండా తొమ్మిది పేజీలు రాసి, కింద తన పేరు పెట్టి, ఇలాంటి ప్రయోగాలను పరిశీలించే సంఘానికి పంపింది. పదేళ్ల పని దాంతో ఆగిపోతుందని ఆమెకు తెలుసు. ట్రస్టు వాళ్లు వచ్చి, కాస్త జాగ్రత్తలు పెట్టుకుని వేరే మనిషితో కొనసాగించకూడదా అని అడిగారు. వేరే మనిషికీ ఎవరో ఒకరు నేర్పే ఉంటారు కదా అని చెప్పి పంపేసింది.

*

స్వరూప చివరి అధ్యాయం పరకాల గ్రంథాలయంలో రాసింది. బస్సెక్కి వెళ్లి, కంప్యూటర్‌ను తనే చెడగొట్టి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టింది. పాల కేంద్రం గుమాస్తా, ఇద్దరు ఆశా కార్యకర్తలు, రిటైరైన లైన్‌మన్ ఒకాయన, పత్తి మిల్లులో తూకం రాసే అమ్మాయి. ఒక్కొక్కరు ఒక్కరోజే పనికొచ్చారు. ఎక్కడ తడబడ్డారో చెప్పలేకపోయారు. అందుకని ఆమె వాళ్ల చేతులు చూడటం నేర్చుకుంది. ఏ మాట దగ్గర వేలు ఆగిందో, ఏ వాక్యం చదివి తలుపు వైపు చూశారో రాసుకుంది. పట్టీతో నాలుగు రోజుల్లో అయ్యే పని పంతొమ్మిది మందితో రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలల మొదట్లో పన్నెండు రోజులు రవళి మాట్లాడలేదు. పదమూడో రోజు ఫోను చేసి అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది. తర్వాత రోజూ చేసింది. ఆ అయిదు నెలల సంగతి ఎత్తలేదు. స్వరూపా ఎత్తలేదు. ఎత్తే హక్కు తనకు లేదనుకుంది.

పుస్తకం అచ్చుకు వెళ్లిన వారం రవళి నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక, స్వరూప చిరిగిన దిండు గలీబు కుడుతోంది. రవళి మంచం మీద పడుకుని, సీలింగు చూస్తూ ఉన్నట్టుండి మొదలుపెట్టింది. కంప్యూటర్ ఇంటికి వచ్చిన రోజు తల్లి దానికి పసుపు కుంకుమ పెట్టిందట. కీబోర్డు మీద ఎస్ ఎక్కడుందో దొరక్క, ఇంగ్లీషు ఏ అక్షరం పక్కన ఉందని రవళి 'ఏ పక్కన, ఏ పక్కన' అని అరిస్తే, అదే, ఏ పక్కన అని ఎదురు అడిగిందట. రెండు పదాల మధ్య జాగాకు ఏమనాలో తెలియక రవళి ఖాళీ అన్నది, అదే ఉండిపోయింది.

స్వరూప సూది ఆపి విన్నది. ఎక్కడా తనకు గుర్తొచ్చినట్టు నటించలేదు. వేరే ఇంట్లో, వేరే తల్లీబిడ్డల సంగతి విన్నట్టుంది. ఆ తల్లి మీద ఆమెకు కాస్త అసూయ కలిగింది.

"నీకొకటి చెప్పాలమ్మా," అన్నది రవళి. ఇంకా సీలింగే చూస్తోంది. "నువ్వు దుకాణం కాంచి వచ్చేవరకు కంప్యూటర్ ఖరాబై ఉండేది. మాటిమాటికి. నువ్వు మళ్ల మొదటి కాంచి అంతా ఎక్కించేదానివి. నేను చెప్తుంటే."

"ఊ."

"అది ఖరాబు గాలే. నేనే చెడగొట్టేదాన్ని. అవసరమున్న ఫైలు ఏదో ఒకటి తుడిచేసేదాన్ని. మంచిగుంటే నువ్వు వంటింట్లకు పోతవ్, కుట్టుడుకు కూసుంటవ్. చెడిపోతే రెండు గంటలు నా పక్కనే ఉంటవ్."

స్వరూప గలీబు పక్కన పెట్టింది.

"పన్నెండేండ్ల సంది అడుగుదామనుకుంటున్న," అన్నది రవళి. "పెద్దగయినంక అడుగుదాం, పెండ్లినాడు అడుగుదాం అనుకున్న. నీకు అప్పుడు తెల్సా అమ్మా? తెలిసే కూసున్నవా?"

తెలుసు అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. బిడ్డ కోరుకుంటున్నది అదే, కాదనగలిగే మనిషి లోకంలో ఇంకెవరూ లేరు. స్వరూప లేచి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"తెల్వదు బిడ్డా," అన్నది. "తెలిసే ఉంటదనిపిస్తది. బట్టలు కుట్టేదాన్ని, ఒకే కాడ మాటిమాటికి పోగు తెగితే ఎవరో తెంపుతున్నరని తెల్వకుంటదా? గాని గా రోజు కూసున్నది నేను గాదు ఇప్పుడు. ఆమె తరఫున నేను చెప్తే అబద్ధమైతది."

రవళి మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ ఆదివారం నుంచి ఒక్కసారి కూడా ఏడవని పిల్ల, ఇప్పుడు భుజాలు కదలకుండా ఏడ్చింది. స్వరూప ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. వీధిలో గ్యాసు సిలిండర్ల బండి గంట కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

"ఎన్నిసార్లు చెడగొట్టినవ్?" అని అడిగింది స్వరూప.

"ఇరవై మూడు."

"ఇరవై మూడా?" స్వరూపకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే, ఇరవై మూడు సాయంత్రాలు అన్న లెక్క ఆమెకు అందింది. ఇరవై మూడుసార్లు రెండేసి గంటలు ఈ పిల్ల తలదగ్గర కూర్చుంది, ఒక్కటీ తన దగ్గర లేదు. నీళ్లు తాగి వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది.

"కోపమొచ్చిందా?" అన్నది రవళి.

"రాలే. చెప్పు. ఇరవై మూడు చెప్పు నాకు, ఒక్కటి గూడ ఇడువకు. ఏం తుడిచినవ్, నేనేమన్న, ఎంతసేపు పట్టింది."

"అన్ని యాదికుండాలె గద."

"ఉన్నకాడికి చెప్పు."

రవళి కళ్లు తుడుచుకుని లేచి కూర్చుంది. గోడకు దిండు ఆనించుకుని, కాళ్లు తల్లి ఒళ్లోకి చాపింది.

"మొదటిది శనివారం," అన్నది. "నువ్వు ఎవరియో పెండ్లి బట్టలు కుట్టేదుండె, ఆలస్యమైతదని చెప్పిపోయినవ్..."